చెవిలో హోరు

రాత్రి అంట్లు సర్ది, దీపం ఆర్పి పడుకున్నాక, ఎక్కడో కుక్కరు కూత పెడుతున్నట్టుంటుంది. లేచి చూస్తే వంటింట్లో పొయ్యే వెలగడం లేదు. “నీ భ్రమ” అంటారు ఇంట్లోవాళ్లు. భ్రమ కాదమ్మా, మీకు నిజంగానే వినపడుతోంది.

గులిమి గట్టిపడినా, వినికిడి తగ్గినా, కొన్ని మందులవల్లా ఇది రావచ్చు. నూనె వెచ్చచేసి పోసుకోకండి. ఒక్క చెవిలోనే మోగినా, నాడితోపాటు కొట్టుకున్నా డాక్టరుకు చూపించుకోవాలి. ఉన్నట్టుండి వినికిడి పోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

1953లో అమెరికాలో చెవులు బాగున్న 80 మందిని చప్పుడు చొరని గదిలో కూర్చోబెడితే, నూటికి 94 మందికి ఏదో ఒక మోత వినపడిందట! అందుకే ఫ్యానో, సన్నగా రేడియోనో ఉండనివ్వండి.

ఒకే పాటి మోతకు ఒకావిడ హాయిగా నిద్రపోతుంది, ఇంకొకావిడకు కన్ను మూతపడదు. ధైర్యం చాలక కాదు, మెదడు ఆ మోతను ప్రమాదంగా పట్టుకోవడంవల్ల. చాలామందికి ఆ పట్టు నెమ్మదిగా సడలుతుంది.

“నాకూ ఉంది, నేను పట్టించుకోను” అని ఒకప్పుడు మా అత్తగారితో అన్నాను. ఆవిడ ఆ ఊసెత్తడం మానేశారు, నిద్ర మాత్రం పట్టలేదు. చాన్నాళ్లకు, “ఎలా వినపడుతుందత్తయ్యా?” అని అడిగాను. “వాన వెలిశాక కీచురాళ్లలా” అన్నారు. నాకేమో కుక్కరు కూత! ఆ రాత్రే ఆవిడ మంచం ఫ్యాను కిందికి జరిపాం.