నెట్ ఆలస్యాన్ని ఎలా కొలవాలి?

వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా వీడియో కాల్ తెగిపోతుంటుంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎంత డేటా పోతుందన్న లెక్క. అడిగినదానికి జవాబు ఎంతసేపట్లో వస్తుందనేది వేరే లెక్క. దాన్ని చూడటానికి 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో మైక్ మస్ ‘పింగ్’ అనే చిన్న ప్రోగ్రామ్ రాశారు. అది అవతలి కంప్యూటరుకు ఒక ప్యాకెట్‌ను, అంటే చిన్న డేటా ముక్కను పంపి, జవాబు వచ్చేదాకా పట్టిన కాలాన్ని మిల్లీసెకన్లలో చెబుతుంది. పోవడానికి పట్టే కాలాన్ని మాత్రమే కొలవాలంటే రెండు చోట్లా గడియారాలు కచ్చితంగా కలవాలి. రానూపోనూ కలిపి చూస్తే ఒక్క గడియారం చాలు.

ఇందులో కొంత ఆలస్యాన్ని ఎవరూ తీర్చలేరు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి న్యూజెర్సీకి తిన్నగా తీగ లాగినా దాదాపు 13 వేల కిలోమీటర్లు, అంటే రానూపోనూ 130 మిల్లీసెకన్లు. సముద్రగర్భ కేబుళ్లు చుట్టు తిరిగి పోతాయి కాబట్టి 200 దాటడం మామూలే. దీనికి సర్వీసు కంపెనీని తిట్టి లాభం లేదు. మన చేతిలో ఉన్నది రౌటర్లలో ప్యాకెట్లు బారులు తీరి నిలబడే కాలం. అవి నిలబడే జాగాను బఫర్ అంటారు. ఒక మెగాబైటు బఫర్ నిండి, అప్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ అయితే, చివర చేరిన ప్యాకెట్ 4 సెకన్లు ఆగాలి. మెమరీ చవకయ్యేకొద్దీ తయారీదార్లు బఫర్లు పెంచుతూ పోయారు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు ముందు జాగా పెంచితే బారు పొడుగవుతుంది తప్ప కార్లు త్వరగా దాటవు కదా! పైగా డేటా పంపకాన్ని నడిపే టీసీపీ నియమాలు చాలావరకు ప్యాకెట్ పోయినప్పుడే జోరు తగ్గిస్తాయి. పెద్ద బఫర్ ఆ కబురును ఆలస్యంగా చేరవేస్తుంది. ఈ జబ్బుకు ‘బఫర్‌బ్లోట్’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవారు జిమ్ గెటిస్.

పెద్ద ప్లాన్ కొంటే పోదా అంటారు. బారు త్వరగా కరుగుతుంది, నిజమే. కానీ పెద్ద ఫైలు పంపే కంప్యూటరు ఆ కొత్త వేగాన్నీ నింపేస్తుంది, మళ్లీ బారు మొదలు. అందుకే బారునే అదుపు చేయడానికి 2012లో కేథలీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ ‘కోడెల్’ పద్ధతి చూపించారు. ప్యాకెట్లు బారులో 5 మిల్లీసెకన్లకు మించి ఆగడం అదేపనిగా సాగితే, అది కొన్నింటిని కావాలనే పారేస్తుంది. డేటా పారేయడం నష్టం కాదా? పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపుతుంది, జోరూ తగ్గిస్తుంది. ఆలస్యంగా చేరిన మాట మాత్రం సంభాషణలో పనికిరాదు.

పింగ్ అంకెలనూ గుడ్డిగా నమ్మకూడదు. దారిలోని రౌటరు తన జవాబును ఆలస్యంగా ఇచ్చినా, దాని గుండా పోయే ప్యాకెట్లు చకచకా దాటుతుండవచ్చు. అందుకే చివరి కంప్యూటరు అంకెనే చూడండి. ముఖ్యంగా, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద వీడియో అప్‌లోడ్ అవుతుండగా ఇంకోసారి కొలవండి. 20 ఉన్న అంకె 500కు ఎగబాకిందంటే, ప్లాన్ మార్చకముందే రౌటర్ సెట్టింగుల్లో బారును అదుపు చేసే క్యూ నియంత్రణ ఉందేమో వెతకండి. కొత్తది కొనేటప్పుడు ఆ సౌకర్యం ఉందో లేదో దుకాణంలోనే అడగండి.