షెడ్డు ముందా, కారు ముందా?



నన్ను మాట్లాడమన్న విషయం పాత రేసు కారు. అమలాపురంలో రేసు కారు మీద ఉపన్యాసమా అని మా ఇంట్లోనే నవ్వారండి. మన కోనసీమలో పోటీ అంటే ఆత్రేయపురం కాలవలో పడవ పందెం, సంక్రాంతికి కోడి పందెం. కారు పందెం మనకెక్కడిది? అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే అలాంటి కారు ఒకటి కొత్తపేట దగ్గర ఒక కొబ్బరితోటలో పదకొండేళ్ళు ఉంది. కొన్నది నా స్నేహితుడు, చాకిరీలో సగం నాది. ఆయన పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను.

ఇందాక టీ దగ్గర ఒక కుర్రాడు అడిగాడు, "మాస్టారూ, అలాంటి కారు ఇప్పుడు ఎంతుంటుందండీ?" అని. "ఎక్కడ పెడతావు నాయనా?" అన్నాను. వాడు నవ్వేశాడు. ఈ గంటసేపూ నేను చెప్పబోయేది ఆ మాటేనండి.

మొదట షోలవరం గురించి చెప్పాలి. రావులపాలెం మీదుగా పోయే మన హైవే ఉంది చూడండి, అదే రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే మద్రాసు ఇంకా కొంత దూరం ఉందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఉండేది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు దాని మీద పందేలు నడిపేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో వేరే ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిన మోటారు పందెమంటే షోలవరమే. ఫియట్లు, హెరాల్డులు సీట్లు పీకేసి, సైలెన్సర్లు తీసేసి పరిగెత్తేవి. 1980ల్లో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపింది కూడా అక్కడే. మద్రాసులో చదువుకునే రోజుల్లో మేమిద్దరం రెండు బస్సులు మారి వెళ్ళి, ఎండలో నిలబడి చూసి వచ్చేవాళ్ళం.

అక్కడ పరిగెత్తిన ఒక ఎంజీ టీడీని నా స్నేహితుడు 1979లో కొన్నాడు. ఇంగ్లండులో 1949 నుంచి 1953 దాకా ఈ మోడల్ దాదాపు 30 వేలు చేశారు. రెండు సీట్లు, ఉక్కు డిస్కు చక్రాలు, 1250 సీసీ ఇంజను, రెండు కార్బురేటర్లు. ముందు అద్దం మడిచి బానెట్ మీద పడుకోబెట్టవచ్చు. తలుపు ఎంత పల్లంగా ఉంటుందంటే, కూర్చుని చెయ్యి చాపితే రోడ్డు తగిలేలా ఉంటుంది.

ఆదివారం పొద్దున్న ఆయన కార్బురేటర్లు సరిచేస్తుంటే చూడాలి. అర గజం రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ముందు ఒక కార్బురేటర్ నోటి దగ్గర, తరవాత రెండోదాని దగ్గర పెట్టేవాడు. లోపలికి గాలి పీల్చే బుస వినిపిస్తుంది. రెండు బుసలూ ఒక్క స్థాయిలో ఉండాలి. ఒకటి కాస్త పైన పలికితే, మర పావు చుట్టు తిప్పి మళ్ళీ వినేవాడు. తంబురా శ్రుతి చేసినట్టే అనుకోండి. శ్రుతి కలిసిన క్షణాన ఇంజను వణుకు మానేసేది. మడ్‌గార్డు మీద పెట్టిన టీ గ్లాసులో టీ కూడా కదిలేది కాదు. ఆ క్షణం కోసం మనిషి ఎంత ఖర్చయినా పెడతాడని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంకొకటి దాని వాసన. పందెం కార్లలో ఆముదంతో చేసిన ఇంజను ఆయిలు పోసేవారు. కాస్ట్రాల్ అన్న పేరే ఆముదానికి ఇంగ్లీషు పేరైన కాస్టర్ నుంచి వచ్చింది. విపరీతమైన వేడిలో కూడా ఆముదం లోహాన్ని వదలదు. మండినప్పుడు వచ్చే ఆ తియ్యటి వాసన ఒకసారి ముక్కుకి పట్టిందంటే జన్మలో పోదు. కానీ పందెం అయిపోగానే దాన్ని దించెయ్యాలి. బద్ధకించి వదిలేస్తే లోపల జిగురులా గడ్డకడుతుంది. ఆ జిగురు గోకేటప్పుడు మా ఇద్దరి మొహాలూ ఆముదం తాగినట్టే ఉండేవి.

ఇలాంటి కారులో ఆకర్షణ ఏమిటంటే నేను మూడు సంగతులు చెబుతాను. ఒకటి, దాని పనంతా కళ్ళకి కనబడుతుంది. ఇప్పటి కారు జబ్బుపడితే కంప్యూటర్ తగిలించి అడగాలి. అది మాత్రం తన జబ్బు తానే వాసనతో, శబ్దంతో చెబుతుంది. రెండు, వేగం అక్కర్లేకుండానే వేగం రుచి చూపిస్తుంది. మన గట్టు రోడ్డు మీద 60లో పోతుంటే 120లో పోతున్నట్టుంటుంది. మూడు, దానికో చరిత్ర ఉంటుంది. ఎవరు నడిపారు, ఎక్కడ గెలిచారు, ఎక్కడ గుద్దారు అన్న కాగితాలూ ఫొటోలూ ఉంటే అవి కారులో సగం. అవి లేకపోతే అది పాత ఇనుమే.

ఇక కష్టాలు. ఇదిగో, ఒక పానా తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చివరి వరుసదాకా పంపండి. దీన్ని విట్‌వర్త్ పానా అంటారు. మా ఎంజీ ఇంజనులో బోల్టు మరలు మెట్రిక్, తల మాత్రం విట్‌వర్త్ అనే ఇంగ్లీషు కొలత. ఎందుకంటే, మొదటి ప్రపంచ యుద్ధం నాడు హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇంగ్లండులో కోవెంట్రీలో మెట్రిక్ యంత్రాలతో ఫ్యాక్టరీ పెట్టింది. 1923లో దాన్ని ఎంజీ కార్ల యజమాని మోరిస్ కొన్నాడు. యంత్రాలన్నీ మార్చడం తలకు మించిన ఖర్చు. అందుకని మరలు అలాగే ఉంచి, తలలు మాత్రం ఇంగ్లీషు మేస్త్రీల పానాలకి సరిపోయేలా చేశారు. ఆ పొదుపు పుణ్యమా అని, అరవై ఏళ్ళ తరవాత కొత్తపేటలో ఒక బోల్టు పోతే మాకు రావులపాలెంలో దొరకలేదు, విజయవాడ ఆటోనగర్‌లోనూ దొరకలేదు. ప్రతీదీ లేత్ మీద తిప్పించుకున్నదే.

రెండో కష్టం మన గాలి. సముద్రం పక్కనే, చుట్టూ ఏళ్ళూ కాలవలూ. ఉప్పు తేమ తగలని రోజుండదు. మెరుగు పూత మీద చుక్కలు పడతాయి, బ్రేకు నూనె నీరు పీల్చుకుంటుంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది కూడా తేమని లాక్కుంటుంది, పాతకాలపు రబ్బరు సీళ్ళని, కార్కు గ్యాస్కెట్లని తినేస్తుంది. వారానికోసారైనా తియ్యని కారు టాంకులో అది చేసే పని మీకు వేరే చెప్పక్కర్లేదు. పైగా కొబ్బరితోటలో కారు పెట్టడం ఎంత ధైర్యమో మన వాళ్ళకి తెలుసు. అద్దం మడిచి పడుకోబెట్టిన రోజునే కాయ రాలుతుంది.

మూడోది ప్రాణభయం. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. సీటు బెల్టు లేదు, ఎయిర్ బ్యాగు లేదు, స్టీరింగు కడ్డీ నేరుగా గుండెకి గురిపెట్టినట్టుంటుంది. రేసుకి కట్టిన కారు రోడ్డు మీదికొస్తే ఎదురుగా వచ్చే ఆటో వాడికి ఆ సంగతి తెలియదు.

నాలుగోది చట్టం. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత బళ్ళని వింటేజ్ కింద రిజిస్టరు చేసుకోవచ్చని 2021లో కేంద్రం నియమాలు ఇచ్చింది. నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్ళు, తరవాత పునరుద్ధరణకి 5 వేలు. కానీ ఆ నంబరు బండిని రోజూ బజారుకి తీసుకెళ్ళకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలుకి, మరమ్మతుకి మాత్రమే రోడ్డెక్కాలి. మిగతా రోజులన్నీ అది షెడ్డులోనే ఉండాలి.

మన దగ్గర అలా షెడ్డులో ఉండి ఉత్సవానికే బయటికొచ్చేవి ఏవండీ? రథాలు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం ఏడాదంతా షెడ్డులో ఉండి, భీష్మ ఏకాదశికి జనం లాగితే కదులుతుంది. 60 ఏళ్ళు దాటిన ఆ చెక్క రథం 2020 సెప్టెంబరులో ఒక రాత్రి షెడ్డులోనే కాలిపోయింది. ఎందరు ఏడ్చారో మీకు తెలుసు. 2021 ఫిబ్రవరికల్లా కొత్త టేకు రథం తయారైంది. ఆ ఏడు కల్యాణానికి తాడు పట్టుకున్న మా రాజోలు ముసలాయన ఒకాయన్ని నేనడిగాను, "ఇది పాత రథమేనంటారా?" అని. "స్వామి అదే, తాడు పట్టుకున్న చెయ్యి అదే, ఇంకేం కావాలి?" అన్నాడు.

కార్ల లోకంలో ఈ ప్రశ్న మీద కోర్టుల దాకా పోయారు. రేసు కారంటే గుద్దుకున్నదే, ముక్కలు మార్చినదే. ఒకడి దగ్గర అసలు చట్రం, ఇంకొకడి దగ్గర అసలు ఇంజను ఉండి, ఇద్దరూ ఒకే ఛాసిస్ నంబరు మాదంటే మాదంటారు. మా ఎంజీ సంగతే చూడండి. బయట రేకు, లోపల యాష్ కర్ర చట్రం. మద్రాసు నుంచి దాదాపు 600 కిలోమీటర్లు సొంతంగా నడిచి, సిద్ధాంతం వంతెన దాటి 1985లో కొత్తపేట వచ్చింది. మూడు వానాకాలాలకే చట్రం పుచ్చింది. పడవలు కట్టే వడ్రంగి ఒకాయన వచ్చి, పాత కర్ర మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుని, టేకుతో కొత్త చట్రం దింపాడు. తలుపు పడే చప్పుడు అంతకు ముందుకంటే బాగుంది. కానీ అది ఇప్పుడు ఇంగ్లండు కారా, గోదారి పడవా? ఆ మార్పు రాసిపెట్టుకుంటే నిజాయితీ, దాచి అమ్మితే మోసం. నా మట్టుకు నాకు ఆ తగువంతా ఈ ఒక్క మాటతో తీరిపోయింది.

పెట్టుబడి సంగతి కూడా అడుగుతారు. 1955 నాటి మెర్సిడెస్ ఊలెన్‌హౌట్ కూపే 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకి అమ్ముడైంది. ఫెరారీ 250 జీటీఓలు 1962-64 మధ్య చేసినవి 36, వాటిలో ఒకటి 2023లో 5 కోట్ల డాలర్లు దాటింది. ఇవి పేపర్లో చదివి మా ఇంటి ముందు కారుకీ ధర వస్తుందనుకోకండి. అవి లోకంలో ఒకటీ రెండూ, లేదా చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మిగతా కార్లకి పెట్టిన ఖర్చు తిరిగొస్తే అదృష్టం. దీన్ని పొలం కొన్నట్టు కొనకూడదు, తిరనాళ్ళకి చందా ఇచ్చినట్టు ఇవ్వాలి.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో చూడండి. పదకొండు ప్రభలు వస్తాయి. గంగలకుర్రు వారి ప్రభ కౌశిక కాలవలో దిగి, చేలు తొక్కుకుంటూ వస్తుంది. చేను తొక్కారని ఏ రైతూ తగువు పెట్టుకోడు. ప్రభ ఒకరిదిగా ఉంటే అలా జరగదు. దాని వెనక ఊరుంది కాబట్టే అది నడుస్తుంది. పాత రేసు కారూ అంతే. దాని వెనక లేత్ వాడు, టింకరు, పెయింటరు, వడ్రంగి, కార్బురేటరు వినగలిగే చెవి, ఇంతమంది ఉండాలి. ఒక్కడి డబ్బుతో కొనొచ్చు గానీ, ఒక్కడి డబ్బుతో నడపలేడు.

ఇక మా కారు ఏమైందో చెప్పి ముగిస్తాను. నా స్నేహితుడు కారు ముందు కొన్నాడు, షెడ్డు తరవాత కడదామన్నాడు. తాటాకు పాకలో పదకొండేళ్ళు గడిచాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుని మన సీమలో ఎవరూ మర్చిపోరు. తెల్లారి వెళ్ళి చూస్తే పాక లేదు. రెండు కొబ్బరి చెట్లు అడ్డంగా కారు మీద ఉన్నాయి. ఊళ్ళో అంతమంది పోయిన వేళ కారు గురించి ఏడవడానికి సిగ్గేసి, మేమిద్దరం నోరెత్తలేదు. రెండేళ్ళ తరవాత మద్రాసు నుంచి ఒకాయన వచ్చి, ఉన్నది ఉన్నట్టు లారీ ఎక్కించుకుపోయాడు. నాకు మిగిలింది ఆ పానా.

అందుకని నా తీర్పు ఇది. ముందు వరదకి అందని మెరక చూసి పక్కా షెడ్డు కట్టండి. తరవాత మంచి మేస్త్రీతో స్నేహం చెయ్యండి. ఆ రెండూ కుదిరాక కారు వెతకండి. కుదరకపోతే కొనకండి, కొన్నవాడి దగ్గరికెళ్ళి చెయ్యి సాయం చెయ్యండి. ఆనందంలో సగం అలాగే దొరుకుతుంది, నాకు దొరికింది.

ఇక్కడున్న పాలిటెక్నిక్ పిల్లలకి ఒక్క మాట. కోయంబత్తూరులో కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు కట్టి, ఒక తరం డ్రైవర్లకి దారి చూపించారు. కొనడానికి డబ్బు లేకపోతే కట్టడానికి చేతులున్నాయి. ఈ హాల్లో చెవితో ఇంజను సరిచేయగల మేస్త్రీలు నాకు తెలిసి నలుగురున్నారు, అందరూ అరవై దాటినవారే. వచ్చే ఆదివారం వాళ్ళ షెడ్డుకి వెళ్ళి, చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసుకోండి.