గణితానికి తోడు కావాలి

(విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు పదో తరగతి దాటాక ఎం.పి.సి. తీసుకోవడానికి జంకుతున్నారన్న మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంది. అందుకు చెప్పే కారణాలూ మనకు తెలిసినవే. పునాది బలహీనం, ఇంట్లో చెప్పేవారు లేరు, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు, పేదరికం. సరిగ్గా ఇవే కారణాలను మరొక దేశంలో మరొక మైనారిటీ గురించి చెబుతుంటే, ఒక పరిశోధకుడు వాటిని నమ్మకుండా పరీక్షించి చూశాడు. ఆ సంగతి ఈ రోజు మీ ముందు ఉంచదలిచాను.

1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో యూరీ ట్రైస్మన్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. కలన గణితంలో, అంటే మన ఇంటర్ పిల్లలు కాల్క్యులస్ అని చదివే పాఠంలోనే, నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా వెనుకబడుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు రాణిస్తున్నారు. కారణమేమిటని అధ్యాపకులను అడిగితే పట్టుదల లేకపోవడం, పునాది లేకపోవడం, కుటుంబ ప్రోత్సాహం లేకపోవడం, పేదరికం అన్నారు. ఆయన రెండు వర్గాల నుండి ఇరవయ్యేసి మందిని ఎంచుకొని, నెలల తరబడి వారు చదివే చోటికే వెళ్ళి గమనించాడు. ఆ నాలుగు కారణాలలో ఒక్కటీ నిలబడలేదు. నల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను ఎంతో ఆశతో, పట్టుదలతో పంపినవారే. పిల్లలూ బుద్ధిగా చదువుతున్నవారే.

తేడా ఒక్కచోట కనిపించింది. నల్లజాతి విద్యార్థులు దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరి లెక్కలు వారు చేసుకొని, సాయంత్రం ఒకచోట చేరి జవాబులు పోల్చి చూసుకుంటున్నారు. పదిమందిలో ఒక్కరి జవాబు వేరుగా వస్తే తప్పు ఎక్కడుందో అప్పుడే తెలిసిపోతుంది. ఎవరికీ జవాబు రాకపోతే లెక్కే కఠినమైనదని తెలుస్తుంది. ఒంటరిగా కూర్చున్న విద్యార్థికి ఆ రెండో సంగతి ఎన్నటికీ తెలియదు. లెక్క రాకపోతే తనకు గణితం రాదనే అనుకుంటాడు. మన పిల్లలు ఎం.పి.సి. మానుకోవడం వెనుక ఈ అపోహ పాలు చాలా ఉన్నదని నా అభిప్రాయం.

ట్రైస్మన్ తరువాత చేసిన పని మరింత ముఖ్యమైనది. ఆయన వెనుకబడినవారి కోసం ప్రత్యేక తరగతి పెట్టలేదు. మామూలు హోంవర్కు కంటే కఠినమైన లెక్కలిచ్చి, చిన్న బృందాలుగా కలిసి చేయించాడు. అందులో పాల్గొన్న నల్లజాతి విద్యార్థుల ఫలితాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. ఆ పద్ధతిని ఇతర విశ్వవిద్యాలయాలూ చేపట్టాయి. మైనారిటీ పిల్లలంటే 'బలహీన విద్యార్థులు' అన్న ముద్రతోనే పథకాలు వేసే మన అధికారులు ఈ ఒక్క విషయం గమనిస్తే బాగుండును.

కలిసి చదవడం అంటే నోటుబుక్కు చూసి ఎక్కించుకోవడం కాదు. ప్రస్తారాలు, సంయోగాల పాఠంలోని ఒక లెక్క చూడండి. ఆరుగురు విద్యార్థులను మూడు జతలుగా ఎన్ని విధాల విడదీయవచ్చు? ఆరుగురిలో మొదటి జతను 15 విధాలుగా, మిగిలిన నలుగురిలో రెండో జతను 6 విధాలుగా ఎంచుకోవచ్చు, చివరి జత ఒక్కటే. గుణిస్తే 90. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. జవాబు 15 అని పుస్తకం చివర చూసి తికమక పడతారు. పక్కనున్న స్నేహితురాలు ఆ ఆరుగురికి అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని పేర్లు పెట్టి అడుగుతుంది: "అ-ఆ మొదట, ఇ-ఈ తరువాత రాసినా, ఇ-ఈ మొదట, అ-ఆ తరువాత రాసినా జతలు మారాయా?" మారలేదు. మూడు జతలను వరుస మార్చి 6 విధాల రాయవచ్చు కనుక, ఒకే విభజన 6 సార్లు లెక్కలోకి వచ్చింది. 90ని 6తో భాగిస్తే 15. ఉపాధ్యాయుడు ఈ తప్పు చేసి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది. స్నేహితురాలు నిన్ననే చేసి ఉంటుంది. కనుక చిక్కు ఎక్కడ పడుతుందో ఆమెకు బాగా తెలుసు. చెప్పినందువల్ల ఆమెకు నష్టమేమీ లేదు. 6తో ఎందుకు భాగించాలో ఇక పరీక్షలోనూ మరచిపోదు.

ఇది మనకు కొత్త కాదు. మదరసాలలో తక్రార్ అనే పద్ధతి ఉన్నది. ఉస్తాద్ పాఠం ముగించాక విద్యార్థులు గుంపుగా కూర్చుంటారు, ఒకరు పాఠం తిరిగి చెబుతారు, మిగిలినవారు ప్రశ్నిస్తారు. అదే మాట తెలుగులో 'తకరారు'గా మారి తగాదా అన్న అర్థం తెచ్చుకున్నది. గణితంలో ఆ తకరారు కూడా కొంత ఉండాలి సుమా! ఆల్జీబ్రా అన్న పేరు 9వ శతాబ్దపు బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం నుండి వచ్చిందని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. మంచిదే. రేపటి హోంవర్కు మాత్రం ఆ గర్వం చేసిపెట్టదు.

తల్లిదండ్రులను నేను కోరేది స్వల్పం. నలుగురైదుగురు పిల్లలు వారానికి మూడు సాయంత్రాలు కూర్చోవడానికి ఒక గది, ఒక నల్లబల్ల, సుద్దముక్కలు. రాత్రివేళ దూరపు ట్యూషన్‌కు ఆడపిల్లలను పంపడానికి వెనుకాడే తల్లులు, వీధిలోని అమ్మాయిలను వంతులవారీగా ఒక్కొక్క ఇంట కూర్చోబెట్టవచ్చు. ఫీజు లేదు, ఆటో ఖర్చు లేదు. గురుకులాల్లో స్టడీ అవర్ అంటే నోరు మెదపకుండా కూర్చోవడమే అన్న నియమం ఉన్నచోట, అందులో ఒక గంట మాట్లాడుకోవడానికి కేటాయించమని తల్లిదండ్రుల కమిటీలు అడగాలి. అడగడం మన హక్కు.

విద్యార్థులకు రెండే షరతులు. ముందు అరగంట ఎవరి ప్రయత్నం వారు చేయాలి. అడిగినవారికి జవాబు కాక, తరువాతి మెట్టు మాత్రమే చెప్పాలి. ఇక ఒక లెక్క ఇచ్చి సెలవు తీసుకుంటాను: ఆరుగురికి బదులు ఎనిమిది మందిని నాలుగు జతలుగా ఎన్ని విధాల విడదీయవచ్చు? ఈ రాత్రి విడివిడిగా చేసి, రేపు సాయంత్రం పోల్చి చూసుకోండి.