బండి దీపాల సంగతి

బోరబండ మీదుగా ఎర్రగడ్డ రైతుబజారుకు చీకటితోనే కూరలు తోలుకొచ్చే రైతు సోదరులారా!

దీపం చాలడం లేదని ట్రాలీకి ఎల్.ఇ.డి. బల్బు వేయిస్తున్నారా? నేనూ నా మోటారుసైకిలుకు వేయించి, వారంలో తీసేశాను. హాలోజన్ దీపపు గిన్నెను దాని తీగ వెలిగే చోటునుబట్టి మలుస్తారు. వేరే బల్బు పెడితే నేలమీద పడవలసిన వెలుగు చెదిరి ఎదుటివాని కళ్లలో కొడుతుంది. ఆ క్షణంలో రోడ్డు దాటే ముసలమ్మ అతనికి కనపడదు.

చట్టమూ ఒప్పదు. 2019 సవరణ ప్రకారం అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలలవరకు ఖైదు, లేదా రెండూ.

ముందు అద్దం తుడవండి. నల్లబడిన బల్బు తీసి, అదే వాట్లది వేయండి. అన్నట్టు, వెనుక బస్తాలు పడితే బండి ముక్కు లేచి దీపం ఆకాశం చూస్తుంది. బరువుతోనే గోడ ఎదుట నిలిపి, స్క్రూ తిప్పించి దించుకోండి.