నిప్పురవ్వ తప్పినప్పుడు



పల్లెయందు నర్ధరాత్రమున నొక యింట ప్రసవవేదన కలిగినచో, నేడు మనము వెదకునది యెడ్లబండిని కాదు, కారును. ఆ కారు కుదుపులతో నడిదారిలో నిలిచినచో ఇంటిల్లిపాదికిని గుండెలు జారును. అట్టి నిలుపుదలకు పలుమారులు కారణమగునవి రెండు చిన్న వస్తువులు: స్పార్కు ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిలు. వానిని గూర్చి మనవి చేసెదను.

పెట్రోలు ఇంజనులో, గాలితో గలిసిన పెట్రోలునకు సిలిండరునందు నిప్పంటించునది ప్లగ్గు. దాని కొనయందు సుమారొక మిల్లీమీటరు ఎడము కలదు. బ్యాటరీ యొసగు 12 వోల్టులు ఆ యెడమును దాటజాలవు. 1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుత్ప్రేరణ ధర్మముచే కాయిలు వానిని ఇరువదివేల వోల్టులకు మించి పెంచును. నిమిషమునకు 3000 మారులు తిరుగు ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు 25 రవ్వలు రాల్చవలయును. డీజిలు ఇంజనునకు స్పార్కు ప్లగ్గు లేదు. అందు ఒత్తిడిచే వేడెక్కిన గాలియే ఇంధనమును మండించును.

రవ్వ తప్పినచో ఇంజను వణకును. ఎదుటి పలకపై ఇంజను గుర్తుగల దీపము వెలుగును. ఆ దీపము మినుకుమినుకుమనుచున్నచో బండిని నడుపరాదు. కాలని పెట్రోలు పొగగొట్టమున మండి, పొగను శుద్ధిచేయు కెటాలిటిక్ కన్వర్టరును చెరచును. దాని వెల ప్లగ్గుల వెలకు అనేక రెట్లు.

మెకానిక్కు వద్దనుండు పరికరము, రవ్వ తప్పుచున్న సిలిండరు సంఖ్యను జూపును. కాని దోషము కాయిలుదా, ప్లగ్గుదా? ఇచట మన తర్కమందలి అన్వయవ్యతిరేకములే శరణ్యము. నేటి కార్లలో పెక్కింట ప్రతి ప్లగ్గుపైనను ఒక్కొక్క కాయిలుండును. అనుమానించిన కాయిలును వేరొక సిలిండరు కాయిలుతో తారుమారు చేయింపుడు. దోషము కాయిలు వెంట బోయినచో కాయిలే దోషి. పోనిచో ప్లగ్గులను అట్లే మార్చి చూడవలయును. రెంటితోను కదలనిచో దోషము వేరొకచోట నున్నది. క్రొత్త కాయిళ్లు కొన బనిలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

ఒకమారు మా యింటి కారునకు ఇంజను చల్లారకమునుపే ప్లగ్గు మార్చిరి. చేతితో ద్రిప్పక, తొలుతనే పానా వేసిరి. ప్లగ్గు వంకరగా దిగి, అల్యూమినియపు మరచుట్లు చెడినవి. స్వల్పవ్యయముతో ముగియవలసిన పనికి ఇంజను పైభాగమంతయు విప్పవలసి వచ్చెను. నేను ప్రక్కనే యుండియు, తెలియక మిన్నకుంటిని.

కావున క్రమము వినుడు. ఇంజను చల్లారవలయును. బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలయును. కాయిలును దీసిన పిమ్మట, గుంటలోని దుమ్మును గాలితో నూదిన తరువాతనే ప్లగ్గు విప్పవలయును. లేనిచో దుమ్ము సిలిండరులో బడును. పాత ప్లగ్గు కొన లేత గోధుమవన్నె నున్నచో ఆరోగ్యము. నూనె తడి యున్నచో ఇంజనులో నూనె కారుచున్నదని యెరుగుడు. క్రొత్తదానిని కొన్ని చుట్లు చేతితోనే త్రిప్పి, పిదప కారు పుస్తకమున జెప్పినంతమాత్రమే బిగింపవలయును. ఎన్నివేల కిలోమీటర్లకు మార్చవలయునో ఆ పుస్తకముననే యుండును.

పెద్దలారా, మీరు పానా పట్టనక్కరలేదు. పనివాని ప్రక్కన గూర్చుండి ప్రశ్నింపుడు. అర్ధరాత్రమున బండి నిలువకుండుటకు, పగటివేళ జేసిన ఈ విచారణయే రక్ష.