షెరీఫు – అమీనా



న్యాయస్థానపు డిక్రీ ననుసరించి బాకీదారుని సొత్తు జప్తుచేయుట ఐర్లండులోని డబ్లిను, కార్కు నగరముల షెరీఫుల విధులలో ముఖ్యమైనది. మద్రాసున 1726 నాటి రాజశాసనముచే ఏర్పడిన షెరీఫు పదవి, తుదకు గౌరవపదవి మాత్రమై, 1998లో రద్దయ్యెను. ఆ అధికారము నగరపు ఎల్లలు దాటలేదు. సాలూరువంటి తావుల ఆ పని అమీనాది.

అమీనా పేరు విన్నంతనే రైతు జంకును. కాని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఆతనికిని హద్దు గీచినది. ప్రొద్దుగ్రుంకిన పిదప తెల్లవారువరకు అతడు నివాసగృహమున జొరరాదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని జీవనమునకు కావలసిన యెడ్లు, నాగలి, విత్తనములు, స్త్రీ ఆచారరీత్యా విడువరాని ఆభరణములు జప్తునకు లోనుకావు.

అప్పు తీర్చుట ధర్మమే. బ్రతుకుతెరువు పెరుకుట ధర్మము కాదు. ఇది తెలియక ఎడ్లను అప్పగించినవానికి చట్టమున్నను లేనట్లే. వానికి ఆ పుట చదివి వినిపించుటయే గ్రంథాలయమునకు తగిన సేవ.