కంపెనీ వెళ్ళింది, బండి మిగిలింది
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"ముప్ఫై ఏళ్ళు మోటారు ఇన్సూరెన్సు సర్వేయరుగా గుద్దుకున్న బండ్లన్నీ చూశావు కదా, కార్ల గురించి ఏదైనా మాట్లాడు" అని కార్యదర్శి గారు అడిగారు. కార్లంటే సముద్రం. అందుకని ఒక్క కంపెనీ తీసుకున్నాను. అది ఫోర్డు. మన సంఘం సభ్యుల్లో ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్ ఇంకా నడుపుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. 2021 నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం వాళ్ళవే. అందరి ప్రశ్నా ఒకటే: "కంపెనీ పోయింది కదా, బండి ఉంచుకోవాలా, అమ్మేయాలా?" జవాబు చెప్తాను. కానీ ముందు కొంచెం చరిత్ర వినక తప్పదు. సోషల్ సారు ఎదురుగానే ఉన్నారు.

హెన్రీ ఫోర్డు 1903 జూన్‌లో డెట్రాయిట్‌లో కంపెనీ పెట్టాడు. 1908 అక్టోబరులో మోడల్ టి వచ్చింది. ఇరవై హార్సుపవర్ బండి, ధర 850 డాలర్లు. అప్పటి అమెరికా పల్లెల్లో రోడ్లంటే వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. అందుకని బండిని ఎత్తుగా, తేలికగా, వెనేడియం కలిపిన గట్టి ఉక్కుతో చేశాడు. దాని అసలు గొప్ప ఏమిటంటే, రైతు తన కొట్టంలోనే సుత్తి, స్పానరు పెట్టుకుని దాన్ని బాగుచేసుకోగలిగేవాడు. లోపాలు లేవని కాదు. పెట్రోలు పంపు ఉండేది కాదు. సీటు కింది ట్యాంకులోంచి పెట్రోలు దానంతటదే జారి ఇంజనుకు చేరాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే ఇంజను ఆగిపోయేది. అప్పుడు బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు. అంటే మన పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ వెళ్ళాలంటే నాగార్జున సర్కిల్ దగ్గర వెనక్కి తిరగాలన్నమాట. ఇవాళ్టి ట్రాఫిక్‌లో ఊహించుకోండి.

1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. పన్నెండు గంటలకు పైగా పట్టే బండి గంటన్నరలో తయారైంది. 1914 జనవరిలో కూలీని రోజుకు 5 డాలర్లు చేశాడు. ఇది ఫోర్డు దయ అని పుస్తకాల్లో చదువుకున్నాం. దయ కొంత ఉందేమో గానీ, రోజంతా ఒకే బోల్టు బిగించలేక జనం పని మానేసి పోతుంటే వాళ్ళను ఆపడానికి వేరే దారి లేకపోయింది. పైగా ఆ 5 డాలర్లు కావాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి సంసారం ఎలా ఉందో చూసిపోయేవారు. యూనియన్ వాళ్ళను 1937లో కంపెనీ మనుషులు గేటు దగ్గర కొట్టారు. 1941లో గానీ ఒప్పందం కుదరలేదు. అదే 1941లో ఫోర్డు గాంధీగారికి ఉత్తరం రాశాడు. మరుసటి సంవత్సరం ఆయన పంపిన రాట్నం ఫోర్డు చేతికి చేరింది. లోకంలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీల యజమాని ఇంట్లో మన రాట్నం! ఈ ముక్క నాకు చాలా ఇష్టం, అందుకే సందర్భం లేకపోయినా చెప్పాను.

మోడల్ టి ధర 1920ల నడుమకు 260 డాలర్లకు దిగింది. 1927లో ఆపేసేసరికి కోటిన్నర బండ్లు తయారయ్యాయి. ఎందుకు ఆపాడంటే, పక్కనే జనరల్ మోటార్స్ రంగులు, వాయిదాల పద్ధతి, ఏటేటా కొత్త మోడలు చూపించి కొనేవాణ్ణి తనవైపు తిప్పుకుంది. కొనేవాడు మారాడని ఫోర్డుకు ఆలస్యంగా తెలిసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన దేశంలోనూ పనికొస్తుంది.

ఫోర్డు మన దేశానికి మొదటిసారి వచ్చింది 1995లో అని చాలామంది అనుకుంటారు. కాదు, 1926లో. అదీ అమెరికా పేరుతో కాదు, కెనడా ఫోర్డు కంపెనీకి అనుబంధంగా. బ్రిటిష్ సామ్రాజ్యం లోపలి నుంచి వస్తే సుంకం తక్కువ, అదీ కిటుకు. బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మేవారు. అయితే ఈ నగరంలో అందరూ ఎక్కింది ఫోర్డు కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు, అవి బ్రిటన్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం ఒక ప్రశ్న వేసింది: ఇక్కడ తయారుచేస్తారా, బిగించి అమ్ముతారా? తయారుచేసే ఉద్దేశం లేనివాళ్ళు ఉండనక్కర్లేదంది. 1954 నాటికి ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండూ మూటా ముల్లే సర్దుకున్నాయి. తర్వాత నలభై ఏళ్ళు మనకు అంబాసిడర్, ఫియట్. మనలో పెద్దవాళ్ళంతా ఆ రెంటిలోనే పెళ్ళిళ్ళకు వెళ్ళాం, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని.

రెండోసారి 1995లో మహీంద్రాతో కలిసి వచ్చారు. 1996లో ఎస్కార్ట్ తెచ్చారు. 1999 నవంబరులో చెన్నై పక్కన మరైమలై నగర్ నుంచి ఐకాన్ వచ్చింది. మన దేశం కోసమని ప్రత్యేకంగా చేసిన బండి. ప్రకటనల్లో దాన్ని 'జోష్ మెషీన్' అన్నారు. హైదరాబాదీకి ఆ మాట వేరే చెప్పాలా? ఐకాన్ నడిపినవాళ్ళను అడగండి. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు, స్టీరింగు చేతికి చెప్పే కబురు, మూడో గేరులో లాగే తీరు మరిచిపోరు. మా బ్యాచ్‌లో ఒకతను పెళ్ళిరోజు మరిచిపోతాడు గానీ, ఐకాన్ డెలివరీ తీసుకున్న తేదీ ఇప్పటికీ చెప్తాడు. వాళ్ళావిడ ఇక్కడే ఉన్నారు, ఆమే సాక్షి.

మరి అంత మంచి బండి అయితే ఎందుకు నిలబడలేదు? ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. ఇన్సూరెన్సు పాలసీలో ఒక చిన్న నిబంధన ఉంది. మామూలు పాలసీ అయితే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం డబ్బే వస్తుంది, మిగతా సగం ఓనరు జేబులోంచి పోవాలి. ఇప్పటి బండికి ముందుభాగమంతా ప్లాస్టిక్కే కదా. ఒకసారి రిటైరైన మన సారు ఒకరి బండిని అమీర్‌పేటలో ఆటో తాకింది. అది ఏ కంపెనీ బండో చెప్పను, ఫోర్డు మాత్రం కాదు. హెడ్‌లైటు అద్దం చెక్కు చెదరలేదు, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగింది, అంతే. వర్క్‌షాపు వాళ్ళు "చెవి విడిగా రాదండీ, మొత్తం లైటు మార్చాల్సిందే" అన్నారు. అందులో సగం సారు కట్టారు. వేలెడంత చెవి కోసం ఆ నెల పెన్షన్లో పెద్ద ముక్క పోయింది. ఆ రోజు సారు మొహం చూశాక, మన దగ్గర కారు కొనేవాడు షోరూము ధర కంటే రిపేరు బిల్లుకు ఎందుకు భయపడతాడో నాకు పూర్తిగా అర్థమైంది.

ఫోర్డుకు మన దేశంలో అంటుకున్న పేరు కూడా అదే: బండి బాగుంటుంది, సామాను ఖరీదు, తిరిగి అమ్మితే రేటు రాదు. అందులో నిజమెంత, వదంతి ఎంత అన్నది వేరే సంగతి. పేరు పడ్డాక ఎవరు వింటారు? కంపెనీకి ఇది తెలిసింది. 2010 మార్చిలో ఫిగో తెచ్చినప్పుడు, పెద్ద భాగాలను చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, విరిగిన ముక్క మాత్రమే కొనుక్కునే వీలు కల్పించారు. వాటిని చైల్డ్ పార్ట్స్ అన్నారు. సర్వేయరుగా చెప్తున్నాను, ఆ ఏడాది ఏ ప్రకటన కంటే ఇదే ఓనరుకు నిజంగా పనికొచ్చిన మాట. నూరేళ్ళ కిందట సుత్తీ స్పానరూ ఇచ్చి రైతు మనసు గెలిచిన కంపెనీ, ఆ విద్యను మళ్ళీ గుర్తు తెచ్చుకోవడానికి ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళు పట్టింది. ఆలోగా మారుతి, హ్యుందాయ్ మెకానిక్కులు సందుసందునా తయారయ్యారు.

2013లో ఎకోస్పోర్ట్ వచ్చింది. పన్ను తగ్గాలంటే బండి నాలుగు మీటర్లు దాటకూడదు, దీన్ని 3,999 మిల్లీమీటర్లకు కుదించారు. వెనక తలుపు మీద స్టెప్నీ. ఆ వరసలో తర్వాత ఎన్ని కంపెనీల బండ్లు వచ్చాయో మీరే చూస్తున్నారు. దారి వేసినవాడు ఒకడు, నడిచినవాళ్ళు వేరు. 2015లో గుజరాత్‌లోని సానంద్‌లో రెండో ఫ్యాక్టరీ పెట్టారు. రెంటికీ కలిపి ఏటా నాలుగు లక్షలకు పైగా బండ్లు చేసే శక్తి ఉంది, కొనేవాళ్ళు అందులో కొద్దిమందే. 2019లో మళ్ళీ మహీంద్రాతో పొత్తు అనుకున్నారు, 2020 చివరి రోజున అదీ చెడింది. 2021 సెప్టెంబరు 9న, ఇక్కడ బండ్లు చేయడం ఆపేస్తున్నామని ప్రకటించారు. పదేళ్ళలో నష్టం 200 కోట్ల డాలర్లు దాటిందన్నారు. సుమారు నాలుగు వేలమంది ఉద్యోగుల మీద ఆ దెబ్బ పడింది. సానంద్ ఫ్యాక్టరీని టాటా వాళ్ళు కొన్నారు. జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను కూడా 2008లో ఫోర్డు దగ్గర కొన్నది వాళ్ళే. దాని వెనక టాటా గారి అవమానం కథ మీ అందరి వాట్సాప్‌లోనూ ఉంది, మళ్ళీ చెప్పను.

షెవర్లే కొన్నవాళ్ళు నవ్వకండి. జనరల్ మోటార్స్ మీకంటే నాలుగేళ్ళ ముందే, 2017లోనే, ఇక్కడ అమ్మకాలు ఆపేసింది.

ఇప్పుడు మన పేటకొద్దాం. ఫోర్డు బండి ఇక్కడ ఆగిపోయింది గానీ, ఫోర్డు పని ఆగలేదు. బండ్లు చేయడం ఆపేస్తున్నామన్న ప్రకటనలోనే, చెన్నై వగైరా చోట్ల తమ సాఫ్ట్‌వేరు, లెక్కల ఆఫీసుల్లో 11 వేలమంది ఉన్నారని, అవి కొనసాగుతాయని కూడా చెప్పారు. మనచేత కారు కొనిపించలేకపోయారు గానీ, మన పిల్లలచేత కోడ్ రాయించుకోవడం మానలేదు. మైత్రీవనం చుట్టూ బోర్డులు చూసి మెయిన్‌ఫ్రేమ్, శాప్, టెస్టింగ్ నేర్చుకుని, ఒకప్పుడు బేగంపేట విమానాశ్రయంలో దండలతో వీడ్కోలు తీసుకున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎంతమంది డెట్రాయిట్ చేరలేదు? నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్‌టన్ హిల్స్ ఇవన్నీ వాళ్ళ నోట మన ఎస్ఆర్ నగర్, బల్కంపేటల్లాగా పలుకుతాయి. 2005లో, 2015లో తానా సభలు అక్కడే జరిగాయి. అక్కడి తెలుగువాళ్ళ పొయ్యి వెలుగు చాలావరకు మూడు కార్ల కంపెనీల మీద ఆధారపడింది. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెక్కినప్పుడు, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు రాత్రుళ్ళు నిద్రపోలేదని మా బ్యాచ్ మిత్రుడు చెప్పాడు. ఫోర్డు మాత్రం ప్రభుత్వ సహాయం తీసుకోకుండా బయటపడింది. 2006లోనే ఆస్తులన్నీ, ఆ నీలం గుర్తుతో సహా, తాకట్టు పెట్టి సుమారు 2,350 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. పెళ్ళాం పుస్తెలు తాకట్టు పెట్టి పిల్లల ఫీజు కట్టడం లాంటిదే.

ఆ మిత్రుడి దగ్గర ఇంకో కబురు. 2006లో డియర్‌బర్న్ ట్రక్కు ఫ్యాక్టరీలో, వేరే కంపెనీల బండ్లు గేటు దగ్గరి పార్కింగులో పెట్టకూడదని నియమం పెట్టారు. మనవాళ్ళకేమో అక్కడ కూడా రీసేల్ బెంగే, అందరూ కొనేది క్యామ్రీ. "మంచులో నడిచాం గానీ క్యామ్రీ వదల్లేదు" అన్నాడు. తర్వాత 2018లో ఎకోస్పోర్ట్ అమెరికాకు వెళ్ళింది, అదీ మన చెన్నై పక్కన తయారై. మిచిగన్‌లో మన తెలుగు అమ్మాయి తొలి జీతంతో కొన్న అమెరికా కారు మీద తయారైన దేశం భారత్ అని ఉండడం ఎంత బాగుంది!

మళ్ళీ వస్తారా అని అడుగుతున్నారు. 2024 సెప్టెంబరులో చెన్నై ఫ్యాక్టరీని ఎగుమతుల కోసం తెరుస్తామన్నారు. 2025 అక్టోబరు చివర తమిళనాడు ప్రభుత్వంతో 3,250 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. 2029 నుంచి అక్కడ ఇంజన్లు చేస్తారట. మనకు అమ్మే కార్లు కావు, ఇంజన్లు. కాబట్టి ఆ వార్త చూసి మీ పాత బండికి కొత్త తమ్ముడు వస్తాడని ఆశపడొద్దు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. బండి బాగా నడుస్తుంటే అమ్మకండి. ఇప్పుడు అమ్మితే వచ్చేది తక్కువ, అది ఇంకా చేసే సేవ ఎక్కువ. వెళ్ళేటప్పుడు సర్వీసు, సామాను కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. ఇక్కడ అమ్మిన బండ్లు పది లక్షలకు పైనే, అన్ని బండ్లున్నప్పుడు సామాను చేసేవాడు, అమ్మేవాడు ఎవరో ఒకరు ఉంటారు. పాత బండే కదా అని థర్డ్ పార్టీతో సరిపెట్టొద్దు, మీ బండికి కూడా పాలసీ ఉంచండి. పూర్తి క్లెయిము ఇచ్చే జీరో డెప్ పాలసీని చాలా కంపెనీలు ఐదారేళ్ళు దాటిన బండికి ఇవ్వవు, కాబట్టి బంపరు జాగ్రత్త. 1.0 ఎకోబూస్ట్ ఇంజను ఉన్నవాళ్ళు ప్రత్యేకంగా వినండి. దాని టైమింగు బెల్టు ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది. చవగ్గా వస్తుందని వేరే గ్రేడు ఆయిలు పోయించారా, బెల్టు నాని పాడై మొత్తం ఇంజనుకే ఎసరు. పుస్తకంలో రాసిన గ్రేడే, చెప్పిన గడువుకే. ఒకే మెకానిక్కును పట్టుకోండి, మాటిమాటికీ మార్చకండి.

సామాను కోసం రాణిగంజ్‌లో నాకు నమ్మకమైన రెండు కొట్లున్నాయి. పేర్లు కాగితం మీద రాసి జిరాక్సులు తీయించి తెచ్చాను. భోజనాల దగ్గర ఇస్తాను. గుత్తివంకాయ వాసన వస్తోంది, ఇంక నేను దిగిపోవడం మంచిది.